ఆఫీసు గదే క్రాఫ్ట్ గది అయినప్పుడు: సర్దుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

లాప్‌టాప్, కుట్టుమిషన్ ఒకే గదిలో పెట్టుకున్నవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఇంచుమించు ఇవే సందేహాలు. ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పేకంటే ఒకచోట చేరిస్తే మేలనిపించి రాశాను. మీరున్న దశను బట్టి కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఎన్నిసార్లు సర్దినా వారం తిరక్కుండానే గది మళ్లీ మొదటికొస్తోంది. లోపం ఎక్కడుంది?

చాలా ఇళ్లలో లోపం సామానులో కాదు, బల్ల ఒక పని నుంచి ఇంకో పనికి మారే తీరులో ఉంటుంది. సాయంత్రం ఆఫీసు పని అయ్యాక లాప్‌టాప్‌ను పక్కకి జరిపి పేపర్ కటింగ్ మొదలుపెడతారు. మర్నాడు పొద్దున్నే మీటింగ్. కోసిన ముక్కల్ని ప్రింటర్ మీదకో కుర్చీలోకో తోసేస్తారు. తోసినవి అక్కడే ఉండిపోతాయి, వాటి మీదకి ఫైళ్లు చేరతాయి. వారంలో నాలుగైదుసార్లు ఇలా జరిగితే గదికి అంతకన్నా వేరే కష్టం అక్కర్లేదు.

కాబట్టి సర్దడమంటే అన్నిటినీ అందంగా పేర్చడం కాదు. ఒక పని ఆగి ఇంకోటి మొదలయ్యే ఆ పది నిమిషాల్లో బల్ల మీద ఉన్న ప్రతి వస్తువూ ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చి పెట్టుకోవడం. అది తేలకపోతే గదిని ఎంత ఖాళీ చేసినా మళ్లీ నిండుతుంది.

ముందు మంచి స్టోరేజ్ డబ్బాలు కొనుక్కుని మొదలుపెట్టనా?

వద్దు. ఏది ఎంత మిగులుతుందో తెలియకముందు కొన్న డబ్బాలు సైజు సరిపోక, అవే ఇంకో సామాను అయి కూర్చుంటాయి. తీసివేతలు పూర్తయ్యేదాకా అట్టపెట్టెలు, పాత సంచులు చాలు. ఆ తర్వాత అర లోతు, ఎత్తు టేపుతో కొలుచుకుని కొనండి. లోపలి కొలతలే చూడాలి. డబ్బాలకు అంచుల దగ్గర కాస్త వెడల్పు ఎక్కువ ఉంటుంది కాబట్టి రెండు పక్కపక్కన పడతాయో లేదో లెక్క వేసుకోండి.

గదంతా ఒకేసారి బయటికి తీయాలా, కొంచెం కొంచెంగా చేయాలా?

రేపు పొద్దున ఇదే గదిలో కూర్చుని ఉద్యోగం చేయాలి కాబట్టి గదంతా ఒకేసారి బోర్లించకండి. ముందు బల్ల, తర్వాత నేల, ఆ తర్వాత అరలు, చివర్లో సొరుగులు. అయితే ఒక రకం సామాను ముట్టుకుంటే మాత్రం ఆ రకం మొత్తం ఒకచోటికి తేవాలి. కత్తెరల వంతు వస్తే పెన్ స్టాండులోది, కుట్టుపెట్టెలోది, సొరుగు అడుగునున్నది అన్నీ బల్ల మీదకి రావాలి. విడివిడిగా చూసినప్పుడు ప్రతిదీ అవసరమైనదే అనిపిస్తుంది. తొమ్మిది కత్తెరలు వరసగా కనిపించినప్పుడే ఏ మూడు ఉంచుకోవాలో తెలుస్తుంది.

ఆఫీసు వైపు ముందు సర్దాలా, క్రాఫ్ట్ వైపా?

ఆఫీసు వైపు. కాగితాల మీద తేదీ ఉంటుంది, ఉంచాలా వద్దా అన్నదానికి ఏదో ఒక నియమం ఉంటుంది. త్వరగా తెగిపోతుంది, చోటు కనిపిస్తుంది, ఊపు వస్తుంది. క్రాఫ్ట్ సామాను దగ్గర అలాంటి తేదీ ఉండదు. కాగితాన్ని ఎవరైనా అడుగుతారేమోనన్న భయంతో దాస్తాం, గుడ్డముక్కని ఏదైనా చేస్తానేమోనన్న ఆశతో దాస్తాం. భయాన్ని తీర్చుకోవడం ఆశని వదులుకోవడం కన్నా తేలిక.

ఇంట్లో అందరూ తమ సామాను తెచ్చి ఈ గదిలోనే పడేస్తున్నారు. ఏం చేయాలి?

గుమ్మం దగ్గర ఒకే ఒక బుట్ట పెట్టండి. ఈ గదివి కానివన్నీ అందులోకి, వారానికోసారి ఎవరివి వాళ్లకి. వాటిని మీరే సర్దిపెట్టడం మొదలుపెట్టారో, ఆ పని మీకే శాశ్వతం.

## ఉంచేవి, పంపేవి: ఆఫీసు సామాను

పాత బిల్లులు, స్టేట్‌మెంట్లు పారేయాలంటే భయం. ఎన్నేళ్లు దాచాలి?

పన్నులకి, వ్యాపారానికి సంబంధించిన కాగితాల గడువు మీరున్న చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. ఆ గడువు ఎంతో ఒకసారి అధికారిక సమాచారంలో చూసుకుని ఫైలు లోపలి అట్ట మీద రాసేయండి. ఇక ప్రతి ఏడూ ఆలోచించే పని ఉండదు. ఆస్తి పత్రాలు, పుట్టిన, పెళ్లి, చదువు సర్టిఫికెట్లు, వీలునామా లాంటివి అసలు కాగితాలే శాశ్వతంగా ఉంచాలి. వారంటీ కార్డులు వస్తువు ఉన్నంతకాలం చాలు. ఆ వస్తువు ఎప్పుడో పోయి, దాని మాన్యువల్ మాత్రం మిగిలి ఉండటం ఈ ఫైళ్లలో మామూలే.

షాపు రసీదుల్లో చాలావరకు థర్మల్ కాగితం మీద వస్తాయి. వేడికి, వెలుతురుకి, కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లలో పెట్టినా అక్షరాలు వెలిసిపోతాయి. మెత్తటి పీవీసీ కవరు వాటికి మరీ పడదు. అవసరమైన రసీదుని వచ్చినరోజే ఫొటో తీసుకోవడం మంచిది.

స్కాన్ చేశాక అసలు కాగితం చింపేయొచ్చా?

అసలు ప్రతే చూపించాల్సినవి తప్ప మిగతావి చింపేయొచ్చు. మామూలు అక్షరాలకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) సరిపోతుంది. ఫైలు పేరులో తేదీని 2024-03-15 అన్నట్టు ఏడాది ముందు వచ్చేలా పెడితే కంప్యూటరే వరసగా పేర్చుకుంటుంది. రెండు వేర్వేరు చోట్ల కాపీలు ఉన్నాయని, రెండూ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే చింపండి. ఖాతా నంబర్లు, సంతకాలు ఉన్నవి ష్రెడ్డర్‌లో వేయాలి.

ఏ చార్జర్ దేనిదో తెలియని కేబుళ్లు సంచి నిండా ఉన్నాయి. ఎలా తేల్చాలి?

ముందు మీ దగ్గర నడుస్తున్న పరికరాలన్నీ ఒకచోట పెట్టి ఒక్కోదానికి దాని కేబుల్ జత చేయండి. చార్జర్ మీద రాసిన వోల్టులు పరికరానికి కావలసిన వోల్టులతో సరిగ్గా కలవాలి. ఆంప్స్ మాత్రం సమానంగానో ఎక్కువగానో ఉండొచ్చు. పిన్ను దూరింది కదా అని వోల్టులు చూడకుండా పెడితే పరికరం కాలిపోవచ్చు. జత కుదిరిన వెంటనే మాస్కింగ్ టేపు మీద పేరు రాసి కేబుల్‌కి జెండాలా అంటించండి. ఏ జతా దొరకనివి ఒక కవరులో వేసి తేదీ రాయండి. ఆర్నెల్లలో ఎవరూ అడక్కపోతే అవి ఈ-వేస్ట్.

పాత లాప్‌టాప్, ఫోన్లు సొరుగులో పడి ఉన్నాయి. ఒకదాని వెనకభాగం ఉబ్బింది కూడా. పారేయొచ్చా?

ఉబ్బినదాన్ని ఇవాళే వేరు చేయండి. లిథియం బ్యాటరీ లోపల గ్యాస్ చేరడం వల్ల అలా ఉబ్బుతుంది. దాన్ని ఛార్జింగ్‌లో పెట్టకూడదు, నొక్కకూడదు, పొడవకూడదు. గుడ్డలు, కాగితం, రంగులు ఉన్న గదిలో అసలు ఉంచకూడదు. ఎండ తగలని, అంటుకునేవేవీ లేని చోట పెట్టి ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకి త్వరగా అప్పగించండి. బ్యాటరీ ఉబ్బిందని ముందే చెప్పండి. మామూలు చెత్తలో వేస్తే చెత్తబండిలో నలిగి అంటుకునే ప్రమాదం ఉంది.

మిగతావాటిలో డేటా సంగతి చూడాలి. ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన అవి డిస్కు నుంచి పోవు. తిరిగే పళ్లేలున్న పాత హార్డ్ డిస్కునైతే మొత్తం ఓవర్‌రైట్ చేయాలి, అంటే పాత డేటా మీద వేరే డేటా రాసేయాలి. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ డిస్కుకి ఆ పద్ధతి నమ్మకం కాదు, అన్నీ చెరిపేయడానికి దానికే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడాలి. ఫోన్లలో ఎన్‌క్రిప్షన్ (డేటాని తాళం వేసినట్టు సంకేతాల్లో దాచడం) ఉందని చూసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే సరిపోతుంది.

## ఉంచేవి, పంపేవి: క్రాఫ్ట్ సామాను

ఏది పట్టుకున్నా "ఎప్పుడైనా పనికొస్తుంది" అనిపిస్తోంది. ఎలా వదులుకోవాలి?

అలా అనిపించడం మీ ఒక్కరి బలహీనత కాదు. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి మామూలు కాఫీ మగ్గులు ఇచ్చారు. అవి చేతికొచ్చి కాసేపే అయింది. అయినా వాటిని అమ్మడానికి వాళ్లు అడిగిన ధర, మగ్గు లేనివాళ్లు కొనడానికి ఇస్తామన్నదానికి రెట్టింపు పైచిలుకు. వస్తువు మనదైపోగానే దాని విలువ మన కంటికి పెరుగుతుంది. అందుకని ప్రశ్నని తిప్పి వేసుకోవాలి. "ఇది పారేయనా?" అని కాదు, "ఇది ఇవాళ షాపులో కనిపిస్తే డబ్బు పెట్టి కొంటానా?" అని.

క్రాఫ్ట్ సామానుకి ఇంకో పరీక్ష కూడా కావాలి. అది ముడిసరుకు కాబట్టి, కొంటానా అంటే చాలాసార్లు అవుననే వస్తుంది. అప్పుడు మూడు సంగతులు నోటితో చెప్పుకోండి: దీంతో ఏం చేస్తాను, ఎంత సైజు, ఎవరికి. "అరమీటరు నీలం గుడ్డ, కుట్టుమిషన్ కవరుకి, నాకే" అని తడుముకోకుండా వస్తే ఉంచండి. "ఏదో ఒక బ్యాగ్‌కి" అని వస్తే అది పని కాదు, కల. కలల కోసం కూడా ఒక పెట్టె ఉంచుకోవచ్చు, నేనైతే ఉంచుకోమనే చెబుతాను. ఒక్కటే పెట్టె, మూత పడేంతవరకే.

ఎటూ తేలనివాటికి కర్మాగారాల్లో ఎర్రచీటీ పద్ధతి ఉంది. పనిచోటుని సర్దడానికి జపాన్‌లో పుట్టిన 5ఎస్ అనే పద్ధతిలో భాగంగా, అవసరమో కాదో తెలియని వస్తువుకి తేదీ రాసిన ఎర్రచీటీ కట్టి వేరే చోట ఉంచుతారు. గడువులోపు ఎవరూ వాడకపోతే పంపేస్తారు. ఇంట్లో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే నిర్ణయం మీ మూడ్ మీద కాక తేదీ మీద ఆధారపడుతుంది.

గుడ్డముక్కలు ఎంత చిన్నవైతే పారేయాలి?

మీరు ప్యాచ్‌వర్క్ (చిన్న ముక్కల్ని కలిపి కుట్టే పని) చేస్తారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్యాచ్‌వర్క్‌లో కుట్టుకి నాలుగు వైపులా పావు అంగుళం పోతుంది. అంటే రెండున్నర అంగుళాల చతురస్రం కుట్టాక రెండంగుళాలు, ఒకటిన్నరది ఒక అంగుళం మిగులుతుంది. ఒకటిన్నర కంటే చిన్నవాటితో ఓపిగ్గా కుట్టేవాళ్లు చాలా తక్కువ. ప్యాచ్‌వర్క్ చేయనివాళ్లకి అరచేతికంటే చిన్న ముక్క దండగ.

ఉంచేవాటిని వంకరటింకరగా అలాగే ఉంచకండి. ఒకసారి కూర్చుని రెండున్నర, ఐదు అంగుళాల చతురస్రాలుగా కోసేస్తే ఒక సంచి గుడ్డలు చెప్పులపెట్టెంత చోటులో పడతాయి. కోయడానికి కూడా మనసు రాని ముక్కలు నిజానికి మీకు అక్కర్లేనివి. దిండులో కూరడానికి పనికొస్తాయంటారా? సరే, ఎన్ని దిండ్లు కుడతారో అన్నిటికి సరిపడా ఉంచుకోండి.

సగంలో ఆగిపోయిన పనులు డజను దాకా ఉన్నాయి. అన్నీ పూర్తి చేయాల్సిందేనా?

అక్కర్లేదు. ఒక్కోటి చేతిలోకి తీసుకుని ఎందుకు ఆగిందో చూడండి. ఏదో ఒక చోట చేతకాక ఆగిందా? ఆ ఒక్క మెళకువ నేర్చుకుంటే సాగుతుంది, ఉంచండి. విసుగొచ్చి ఆగిందా? ఇంకా ఎన్ని గంటల పనుందో అంచనా వేసి, అంత ఓపిక ఉంటేనే ఉంచండి. ఎవరి కోసం మొదలుపెట్టారో వాళ్లకి ఇక అవసరం లేకపోయిందా? పసిబిడ్డకని అల్లుతున్న స్వెటర్, ఆ బిడ్డ ఇప్పుడు బడికి వెళ్తోంది. దాన్ని విప్పేయడమే న్యాయం.

విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. కుర్చీ వీపుకి చుట్టి, రెండుమూడు చోట్ల వదులుగా ముడివేసి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, పిండకుండా వేలాడదీస్తే చాలావరకు సాఫవుతుంది. పూసలు, జిప్పులు, గుండీలు తీసి మళ్లీ వాడుకోవచ్చు.

ఉంచుకున్న ప్రతి పనికీ ఒక జిప్ కవరో ట్రేయో ఇవ్వండి. అందులో డిజైను, దారం, ఏ నంబరు సూదో క్రోషే హుక్కో రాసిన చీటీ ఉండాలి. తర్వాత చేయాల్సిన మొదటి పని కూడా ఒక వాక్యంలో రాయండి: "ఎడమ చెయ్యి 14వ వరస నుంచి". మూడు నెలల తర్వాత తెరిచినప్పుడు ఈ ఒక్క వాక్యం లేకే చాలా పనులు మళ్లీ సంచిలోకి వెళ్లిపోతాయి.

పాత రంగులు, జిగుర్లు, దారాలు ఇంకా పనికొస్తాయో లేదో ఎలా తెలుస్తుంది?

చూసి కాదు, పరీక్షించి. పాత కాగితం ఒకటి పరిచి అన్నీ ఒకే కూర్చోలో చూసేయండి.

అక్రిలిక్ రంగు చిక్కబడితే కొన్ని చుక్కల నీళ్లతో కలుస్తుంది. రబ్బరులా ముద్దకట్టినా, పుల్లటి కుళ్లు వాసన వచ్చినా పనైపోయినట్టే. ఆరిన అక్రిలిక్ అంటే ప్లాస్టిక్ పొర, నీళ్లు పోస్తే మళ్లీ రంగు కాదు. వాటర్‌కలర్ బిళ్లలు మాత్రం ఎండిపోయినా తడిపితే లేస్తాయి, తొందరపడి పారేయకండి.

తెల్ల జిగురు గడ్డలు కట్టి తీగలు సాగుతుంటే వదిలేయండి. సూపర్‌గ్లూ గాలిలోని తేమతో గట్టిపడుతుంది కాబట్టి తెరిచిన ట్యూబును సిలికా జెల్ పొట్లంతో గట్టి మూత సీసాలో నిలబెట్టి ఉంచాలి. ఒలికినప్పుడు నూలు గుడ్డతోనో దూదితోనో తుడవకండి. నూలుతో కలిస్తే అది చర్య జరిపి చర్మం కాలేంత వేడెక్కుతుంది.

ఎపాక్సీ రెజిన్‌లో (హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గట్టిపడేది) తెల్లటి రవ్వలు కనిపిస్తే అది పాడవలేదు, చలికి గడ్డకట్టింది. సీసాని వేడినీళ్లలో ఉంచితే కరుగుతుంది. హార్డెనర్ పసుపెక్కితే గట్టిపడటం మామూలుగానే ఉండొచ్చు, కానీ పారదర్శకంగా ఉండాల్సిన పనులకి పనికిరాదు. అనుమానముంటే కొంచెం కలిపి చూడండి. సీసా మీద రాసిన సమయం దాటినా జిగటగానే ఉంటే వదిలేయాలి.

దారాన్ని మూరెడు తీసి రెండు చేతులతో లాగండి. పుటుక్కున తెగితే ఆ రీలు కుట్టుకి పనికిరాదు, తర్వాత విప్పేసే టాకాలు వేయడానికి వాడుకోవచ్చు. ఎండ తగిలేచోట ఉన్న నూలు దారాలు ఇలా త్వరగా పాడవుతాయి, పాలియెస్టర్ ఎక్కువకాలం ఆగుతుంది. ఎలాస్టిక్ సాగదీస్తే కరకరమన్నా, వదిలాక వెనక్కి రాకపోయినా తీసేయండి.

ఊలు ఉండల్లో పురుగు కనిపించింది. మొత్తం పారేయాలా?

అక్కర్లేదు. బట్టల చిమ్మట లార్వాలు ఊలు, పట్టు, ఈకల్లాంటి జంతు పదార్థాలనే తింటాయి. శుభ్రంగా ఉన్న నూలు, అక్రిలిక్ దారాల జోలికి సాధారణంగా రావు. పురుగు పట్టినవాటిని గట్టిగా మూసిన ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఆగితే తేమ కవరు బయటే నిలుస్తుంది. అర మూలలు వాక్యూమ్ చేసి, ఆ దుమ్ము సంచి ఆ రోజే బయట పడేయాలి.

పాత రంగులు, రెజిన్, టర్పెంటైన్ సింకులో పోసేయొచ్చా?

ఏదీ పోయకండి. అక్రిలిక్‌ను పాత అట్ట మీద పల్చగా పూసి ఆరనిచ్చి, ఘనచెత్తగా వేయాలి. రెజిన్, హార్డెనర్‌లను కలిపి గట్టిపడనిచ్చి పారేయాలి, అదీ కొద్దికొద్దిగా. ఎక్కువ మొత్తం ఒకే కప్పులో కలిపితే పొగలు వచ్చేంత వేడెక్కుతుంది. టర్పెంటైన్, థిన్నర్ ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. లిన్సీడ్ నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి బుట్టలో వేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి ముద్దలో చిక్కుకుని, నిప్పు తగలకపోయినా దానంతట అదే అంటుకోగలదు. బయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లున్న లోహపు డబ్బాలో వేసి మూత పెట్టండి.

మంచి సామాను ఎవరికైనా ఇద్దామంటే తీసుకునేవాళ్లు దొరకడం లేదు.

కలగాపులగంగా ఇస్తే ఎవరూ తీసుకోరు. "ఎంబ్రాయిడరీ మొదలుపెట్టడానికి: ఫ్రేము, దారాలు, సూదులు, గుడ్డ" అని సెట్టుగా కట్టి ఇస్తే తీసుకుంటారు. బడులు, కుట్టు నేర్పేవాళ్లు, వృద్ధాశ్రమాలు ముందు అడిగితే ఏం కావాలో చెబుతారు. రెండు వారాలు గడువు పెట్టుకోండి. ఇవ్వాల్సిన మూట ఆపైన గదిలో ఉంటే మీరే విప్పుతారు.

## మళ్లీ పెట్టేటప్పుడు

ఉన్నది ఒక్కటే బల్ల. ఆఫీసుకీ క్రాఫ్ట్‌కీ ఎలా సరిపెట్టాలి?

బల్ల మీద ఎప్పుడూ ఉండేవి ఏవో ముందు తేల్చండి. నా లెక్కలో దీపం, మానిటర్ ఉంటే మానిటర్, అంతే. మానిటర్‌ని బల్ల అంచుకి బిగించే చెయ్యిలాంటి స్టాండు మీద పెడితే కింద చోటు మొత్తం దొరుకుతుంది. మిగతావన్నీ రెండు గుంపులుగా, ఒక్కో గుంపు ఒక్క ఎత్తులో లేచిపోయేలా ఉండాలి. ఆఫీసుకి ఒక ట్రే: లాప్‌టాప్, నోట్‌బుక్, చార్జర్, హెడ్‌సెట్. నడుస్తున్న క్రాఫ్ట్ పనికి ఇంకో ట్రే. అంచులున్న ఏ3 సైజు ట్రే అయితే కటింగ్ మ్యాట్ కూడా అందులోనే పడుతుంది, పని సగంలో ఉండగానే ఎత్తి అరలో పెట్టేయొచ్చు. అరలో ఆ ట్రేకి ఖాళీ చోటు కచ్చితంగా ఉండాలి. ఆ చోటులో ఇంకేదీ పెట్టకపోవడమే ఈ ఏర్పాటులో కష్టమైన భాగం.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. కూర్చుని టైప్ చేసే బల్ల సాధారణంగా 72 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటుంది. నిలబడి గుడ్డ కోయడానికి దాదాపు 90 కావాలి. ఆఫీసు బల్ల మీద వంగి గంటసేపు గుడ్డ కోస్తే నడుం పట్టేస్తుంది. తరచుగా కోసేవాళ్లు బల్ల కాళ్ల కింద పెట్టుకునే ఎత్తుదిమ్మలో, ఎత్తు మార్చుకునే బల్లో చూసుకోవడం మంచిది. కుట్టుమిషన్‌ని మోసి తెచ్చుకోవాల్సి వస్తే నడుం ఎత్తు అరలో ఉంచండి, నేల మీదా కాదు, తల పైనా కాదు.

పారదర్శకమైన డబ్బాలు మంచివా, కనిపించనివా?

కంటికి కనిపించకపోతే ఉన్న సంగతే మర్చిపోయేవాళ్లకి పారదర్శకమైనవి. కళ్లెదుట రంగులుంటే ఆఫీసు పని మీద ధ్యాస నిలవనివాళ్లకి మూసినవి. చూపులో ఉన్న వస్తువులన్నీ మెదడు దృష్టి కోసం ఒకదానితో ఒకటి పోటీ పడతాయని మెదడు పరిశోధనలు చూపించాయి. మధ్యేమార్గం ఒకటుంది. పారదర్శకమైన డబ్బాలే వాడి, ఆ అర ముందు తెర వేలాడదీయండి. ఆఫీసు వేళల్లో మూసి, సాయంత్రం తీసేయడమే.

గుడ్డలు తీసిన ప్రతిసారీ దొంతర కూలిపోతోంది.

దొంతరలు మానేసి ఫైళ్లలా నిలబెట్టండి. ఏ4 సైజు గట్టి అట్ట ముక్కలకి ఒక్కో గుడ్డ చుట్టి, పిన్నుతో ఆపి, పుస్తకాల్లా అరలో పేర్చితే ఒకటి లాగినా పక్కది కదలదు. చుట్టేముందు గుడ్డ కొలిచి, పొడవు అట్ట అంచు మీద రాయండి. తర్వాత విప్పి కొలిచే పని తప్పుతుంది. ఎండ పడే కిటికీ ఎదురుగా మాత్రం పెట్టొద్దు, మడత గీత వెంబడి రంగు వెలుస్తుంది.

కాగితం, కార్డ్‌స్టాక్ అంచులు వంగిపోతున్నాయి.

తేమ మారుతుండటం వల్ల. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే కాగితం చదునుగా ఉంటుంది. పడుకోబెట్టి, పైన కాస్త బరువు పెట్టండి. నిలబెట్టాలంటే కాగితాలు బిగుతుగా నిండి ఉండాలి. అర బలం కూడా చూసుకోండి. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు, 500 కాగితాల కట్ట రెండున్నర కిలోలు. పది కట్టలు ఒకే అరలో పెడితే 25 కిలోలు.

లాప్‌టాప్ పక్కన క్రాఫ్ట్ పని చేస్తే అది పాడవుతుందా?

జాగ్రత్త లేకపోతే పాడవుతుంది. ఊలు నూగు, గుడ్డ పీచు ఫ్యాను రంధ్రాల్లో చేరి గాలి ఆడనివ్వవు. లాప్‌టాప్ వేడెక్కి నెమ్మదిస్తుంది. గ్లిట్టర్ కీల కింద చేరితే తీయడం గగనం. క్రాఫ్ట్ మొదలయ్యేముందు లాప్‌టాప్ మూసి, బల్ల మీద నుంచి తీసేయాలి. గుడ్డ కప్పి పక్కన ఉంచడం కాదు.

ఇంకో వింత ఉంది. మీటింగ్ మధ్యలో స్క్రీన్ ఉన్నట్టుండి ఆరిపోతోందని సర్వీసుకి తీసుకెళ్లే ముందు, గుండుసూదులు పట్టే అయస్కాంతపు గిన్నె ఎక్కడుందో చూడండి. చాలా లాప్‌టాప్‌లు మూత మూశారో లేదో అయస్కాంతంతోనే తెలుసుకుంటాయి. ఆ గిన్నె కీబోర్డు అంచు దగ్గరుంటే మూత పడిందనుకుని నిద్రలోకి వెళ్లిపోతాయి. పళ్లేలున్న పాత హార్డ్ డిస్కునీ, మాగ్నెటిక్ పట్టీ ఉన్న కార్డులనీ కూడా దానికి దూరంగా ఉంచడమే మంచిది.

ఇస్త్రీపెట్టె, గ్లూ గన్, ప్రింటర్, లాప్‌టాప్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టొచ్చా?

ఇస్త్రీపెట్టెని పెట్టకండి. వేడి పుట్టించేవే ఎక్కువ కరెంటు లాగుతాయి. ఇస్త్రీపెట్టె 1000 నుంచి 2400 వాట్ల దాకా, హీట్ గన్ 1500 పైన తీసుకోవచ్చు. లాప్‌టాప్ చార్జర్ 65 వాట్ల దగ్గర ఉంటుంది, గ్లూ గన్ కూడా చాలావరకు 100 లోపే. 230 వోల్టుల కరెంటులో 6 ఆంప్స్ బోర్డు సుమారు 1380 వాట్లే మోస్తుంది. ఇస్త్రీపెట్టె నేరుగా గోడ ప్లగ్గుకే. వేడి సామాను అంతటికీ ఎర్ర టేపు చుట్టిన ఒకే ప్లగ్గు పాయింటు కేటాయిస్తే, గది వదిలి వెళ్లేటప్పుడు ఆ ఒక్క స్విచ్చు చూసుకుంటే చాలు.

గుడ్డ కత్తెరతో ఇంట్లోవాళ్లు కాగితం కోసేస్తున్నారు.

కాగితంలో కలిపే సుద్దలాంటి ఖనిజ పదార్థాలు పదును తినేస్తాయి. కాబట్టి మీ కోపం సబబే. పిడికి ఎర్ర రిబ్బను కట్టి, అంతకంటే ముఖ్యంగా, అందరికీ అందేచోట ఒక చవక కత్తెర వేలాడదీయండి.

పాత బ్లేడ్లు, విరిగిన సూదులు ఎక్కడ వేయాలి?

మూతకి సన్నటి చీలిక పెట్టిన రేకు డబ్బాలో. నిండాక మూత టేపుతో మూసి, "పదునైనవి" అని రాసి పారేయండి.

వీడియో కాల్‌లో వెనకాల అంతా క్రాఫ్ట్ సామానే కనిపిస్తోంది.

కెమెరాకి కనిపించే ఆ కాస్త గోడ మాత్రమే ఖాళీ చేయండి. కుర్చీలో కూర్చుని కెమెరా ఆన్ చేస్తే ఎంత భాగమో తెలుస్తుంది.

## రోజూ నిలబెట్టుకోవడం

పని మధ్యలో ఉండగా ఆఫీసు కాల్ వస్తే?

తడి జిగురు, తడి రంగు ఉంటే ముందు మూత, తర్వాత కాల్. వేడి సామాను ఉంటే ముందు స్విచ్చు. మిగతాదంతా ట్రేలో అలాగే ఎత్తి అరలో పెట్టేయండి. ఆ తొందరలో అందంగా సర్దాలనుకుంటే ఏ పనీ కాదు.

ఉన్నవి వాడకుండా కొత్తవి కొంటూనే ఉన్నాను. ఎలా ఆపుకోవాలి?

ఉన్నవాటి ఫొటోలు ఫోన్‌లో ఒక ఆల్బమ్‌గా పెట్టుకోండి: దారాల రంగులు, గుడ్డలు, పూసలు. షాపులో నిలబడి అది తెరిస్తే అదే గులాబీ రంగు నాలుగోసారి కొనడం తప్పుతుంది. డిస్కౌంట్‌లో కొన్నది ఆదా కాదు, వాడినప్పుడే ఆదా. చోటు కూడా హద్దు పెడుతుంది. దారాలకి ఒక సొరుగు అనుకుంటే అది నిండాక కొత్తది రావాలంటే పాతది వెళ్లాలి.

గ్లిట్టర్ నేలంతా చిమ్మింది. ఎలా ఎత్తాలి?

ఊదకండి, చీపురుతో కొట్టకండి, ఇంకా లేస్తుంది. బల్ల మీద లింట్ రోలర్, నేల మీద తడి మైక్రోఫైబర్ గుడ్డ. ఆ గుడ్డని మిగతావాటితో కలిపి ఉతకొద్దు.

పెద్ద ఆర్డరు ఒకటి ఒప్పుకున్నాను. పది రోజులు గదంతా దానికే కావాలి. చేసిన ఏర్పాటు అంతా పోయినట్టేనా?

పోదు, కానీ ముందే మాట్లాడుకుని చేయండి. ఆఫీసు ట్రేని ఆ పది రోజులూ ఇంట్లో ఇంకో చోటికి మార్చేయండి. రెండు పనుల్నీ అదే బల్ల మీద కుక్కొద్దు. సగంలో ఉన్న మిగతా క్రాఫ్ట్ పనుల కవర్లన్నీ ఒక పెట్టెలో వేసి గది బయట పెట్టండి, లేకపోతే ఆర్డరు సామానులో కలిసిపోతాయి. ఆర్డరు అప్పగించే తేదీకి మర్నాడు సగం రోజు క్యాలెండర్‌లో ఖాళీగా ఉంచుకోండి. మిగిలిన గుడ్డ, దారం, రంగు ఆ పూటే అరల్లోకి వెళ్లాలి. ఆ మిగులు ఎంతో రాసిపెట్టుకుంటే తర్వాతి ఆర్డరుకి ఎంత కొనాలో తెలుస్తుంది.